చలికి మాడిన పామ్ చెట్లు: మట్టలు కోయించాలా, ఆగాలా?

పెన్నగట్టు
అనంతపురం ఊరి చివర కట్టుకున్న ఇంటి దారికి రెండు వైపులా నక్క తోకలాంటి గుబురు మట్టలుండే ఆరు ఫాక్స్‌టెయిల్ పామ్ చెట్లు, వెనుక దొడ్డిలో పన్నెండు గోదావరి గంగ రకం కొబ్బరి మొక్కలు నవంబరు మూడో వారంలో నాటించాను. ఫాక్స్‌టెయిల్ చెట్లు గోదావరి జిల్లాల నర్సరీ ఒకదాని నుంచి లారీలో వచ్చాయి, ఒక్కొక్కటి ఆరడుగుల ఎత్తు ఉంటుంది. సంక్రాంతికి ముందు చలి ముదిరిన వారం తర్వాత చూస్తే కింది మట్టలు కొసల నుంచి మాడుతూ వచ్చాయి, రెండు చెట్లకు పై మట్టల మీద కూడా గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. నర్సరీ వారికి ఫోటోలు పంపితే మీ ఊరి చలికి మాడాయి, మా బాధ్యత కాదని ఒక్క ముక్కలో తేల్చేశారు. తోట పని చేసే మనిషి మట్టలన్నీ నరికేసి నడి నెత్తిన ఉండే చిగురు, అదే మొవ్వు, ఒక్కటి ఉంచుదామంటున్నాడు, ఆదివారం కత్తి తీసుకుని వస్తానన్నాడు. మా వరండాలోని థర్మామీటరు ఆ వారంలో 12 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. ఈ మాత్రం చలికి పామ్ చెట్టు నిజంగా మాడుతుందా? ఆదివారం కోయించాలా, వద్దా?

కొండారెడ్డి_బురుజు
ముందు ఆ మనిషిని ఆదివారం రావద్దని చెప్పండి. తక్కిన సంగతులు సోమవారం మాట్లాడుకోవచ్చు.

మొక్కల_మేష్టారు
బురుజు గారి మాటే నా మాట. కారణం చెబుతాను. వేప చెట్టును మొదలంటా నరికినా పక్క నుంచి చిగురు వేస్తుంది. తాటి, ఈత, కొబ్బరి, ఈ అలంకరణ పామ్‌లు అలా కావు, వీటిలో ఎక్కువ వాటికి మానుకు ఒకటే మొవ్వు, ఆ మొవ్వు అడుగుదాకా పోతే చెట్టు పోయినట్టే. కొత్తగా నాటిన చెట్టు వేర్లు సగం తెగిపోయి ఉంటాయి కాబట్టి పాత మట్టల్లో దాచుకున్న తిండి దానికి చాలా అవసరం. ముఖ్యంగా పొటాష్ తక్కువైనప్పుడు చెట్టు కింది మట్టల్లోని పొటాష్‌ను లాక్కుని కొత్త ఆకుకు పంపుకుంటుంది. సగం మాడిన మట్ట చూడడానికి అసహ్యంగా ఉండవచ్చు గానీ, మిగిలిన సగం ఇంకా పని చేస్తూనే ఉంటుంది. దాన్ని నరికితే చెట్టు పొటాష్ కోసం ఆ పై వరుస మట్టల మీద పడుతుంది, అప్పుడవీ మాడతాయి, మీ తోట మనిషి మళ్ళీ కత్తి తీస్తాడు.

చలి సంగతికి వస్తే, ఫాక్స్‌టెయిల్ సొంత ఊరు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఉత్తర కొసన ఉన్న కేప్ మెల్విల్. అక్కడ గుట్టల మీద నల్లరాతి గుండ్ల సందుల్లో పెరిగే ఆ చెట్టుకు శాస్త్రవేత్తలు పేరు పెట్టిందే 1983లో. పాదుకున్న చెట్టు కాసేపు సున్నా డిగ్రీలను కూడా తట్టుకోగలదు. 12 డిగ్రీలకు మాడిందంటే నేను ఒప్పుకోను. కింది మట్టలు కొసల నుంచి మాడడం చలి గుర్తు కాదు. చలి పై నుంచి దిగుతుంది, అంటే ఆకాశానికి ఎదురుగా ఉన్న మట్టల పై ముఖాన మచ్చలు పడతాయి, చెట్టు నీడన ఉన్న మొక్కలు బాగానే ఉంటాయి. మీ రెండు చెట్ల పై మట్టల మచ్చలు మాత్రం ఏ వైపు ముఖాన పడ్డాయో చూసి చెప్పండి.

వక్కతోట_మడకశిర
మేష్టారూ, చలిని మరీ అంత తీసిపారేయకండి. మా మడకశిర, అమరాపురం వైపు నేల అనంతపురం కంటే బాగా ఎత్తు, డిసెంబరు చివరి వారంలో తెల్లవారుజామున తోటలోకి వెళ్తే చేతులు కొంకర్లు పోతాయి. ఆ రెండు నెలలూ వక్క చెట్టు కొత్త మట్ట వేయడానికి బద్ధకిస్తుంది, కొబ్బరిలో పూల పొత్తి పగిలినా పిందె నిలవదు. సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అని ఊరికే అనలేదు పెద్దలు. 14 డిగ్రీల కంటే తగ్గితే వక్కకు ఇబ్బంది అని అధికారులే చెబుతారు.

మొక్కల_మేష్టారు
ఎదుగుదల ఆగడం వేరు, ఆకు మాడడం వేరు అన్నా. మీరు చెప్పేది మొదటిది, పెన్నగట్టు గారు అడుగుతున్నది రెండోది.

వక్కతోట_మడకశిర
రెండోదీ మా దగ్గర ఉంది, వినండి. పదేళ్ళ కిందట మా నాన్న కొత్తగా వేసిన తోటలో నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వక్క మానుల మీద పసుపు మచ్చలు వచ్చాయి, అవే తర్వాత గోధుమ రంగుకు తిరిగి పగిలాయి. ఊళ్ళో అందరూ చలి దెబ్బ అన్నారు. తీరా చూస్తే అన్ని చెట్లకూ మచ్చలు నైరుతి వైపే. చలికి దిక్కు ఉండదు కదా అని ఆ రోజు అనుమానం వచ్చింది. ఆ నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉండడం వల్ల మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా వచ్చి నేరుగా మానుకు కొడుతుంది, లేత పచ్చటి మాను దానికి కమిలిపోతుంది. అందుకే కొత్త తోటలో వరుసలను ఉత్తర దక్షిణాలుగా కాకుండా పడమరకు 35 డిగ్రీలు వంచి వేసుకోమంటారు. మేము రాలిన వక్క పట్టలనే, అంటే మట్ట అడుగున ఉండే వెడల్పాటి తొడుగులనే, మానుకు నైరుతి వైపున చుట్టి కట్టాము, మరుసటి ఏడు మచ్చ లేదు.

కొండారెడ్డి_బురుజు
అన్నా, మీరు చలి పక్షాన వాదించడానికి వచ్చి ఎండ పక్షాన సాక్ష్యం చెప్పి వెళ్తున్నారు.

వక్కతోట_మడకశిర
నిజమే, రాస్తూ రాస్తూ నాకూ అదే అనిపించింది. అయినా పిందె సంగతిలో నేను వెనక్కి తగ్గను.

పెన్నగట్టు
ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను. మచ్చలు పడిన రెండు చెట్లూ దారికి చివర గేటు దగ్గర ఉన్నవే, వాటికి అడ్డంగా గోడ గానీ చెట్టు గానీ లేదు. మచ్చలు దక్షిణం, పడమర వైపున్న మట్టల మీదే ఉన్నాయి, ఇంటి వైపు మట్టలకు లేవు. మచ్చ మధ్యలో రంగు వెలిసి కాగితంలా తెల్లబడింది, అంచు మాత్రమే గోధుమ రంగు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. లారీ దింపేటప్పుడు ఆకుల మధ్య నీడ కోసం కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ తెగిన ముక్క ఒకటి చిక్కుకుని ఉంది.

మొక్కల_మేష్టారు
అయితే చలిని నిందించడం అన్యాయం. షేడ్ నెట్ కింద, గాలిలో తేమ నిండా ఉన్న గోదావరి గట్టున పెరిగిన చెట్టును వేర్లు కోసి తెచ్చి, ఆకాశంలో మబ్బు తునక లేని మన డిసెంబరు ఎండలో నిలబెట్టారు. మన దగ్గర చలికాలపు గాలి పొడిగా ఉంటుంది, పగలు 30 డిగ్రీలు, రాత్రి 13, మధ్యలో 17 డిగ్రీల తేడా. ఆకు నీళ్ళు వదులుతూనే ఉంటుంది, తెగిన వేరు అందించలేదు, పైగా నేల చల్లబడితే పామ్ జాతి వేరు ఎదుగుదల మందగిస్తుంది. ఇదే చెట్టును జూన్, జూలైలో నాటి ఉంటే వెచ్చని నేలలో రెండు నెలల్లో వేరు తన్నుకునేది. కాబట్టి చలికి ఇందులో వాటా ఉంది, కానీ అది వేరు దగ్గర, ఆకు దగ్గర కాదు.

నల్లరేగడి
నంద్యాల వైపు అయితే ఇంకో తంటా ఉంది. చలికాలం చివర్లో తడి ఆరితే రేగడి నేల బీటలు వారుతుంది, ఆ బీట పాదు గుండా పోతే కొత్త వేరును దారంలా తెంపేస్తుంది. మీది ఎర్రనేల కాబట్టి ఆ బాధ లేదు. నీళ్ళు ఎలా ఉన్నాయో అడగలేదు ఎవరూ. బోరు నీటిని పరీక్ష చేయించారా?

పెన్నగట్టు
ఇల్లు కట్టేటప్పుడు చేయించాను. నీటిలోని ఉప్పును చూపే లవణ సాంద్రత (ఈసీ) 2.6 వచ్చింది, ఉదజని సూచిక (పీహెచ్) 8.3. తాగడానికి పనికిరావన్నారు, చెట్లకు ఫరవాలేదన్నారు.

నల్లరేగడి
ఖర్జూరానికి ఫరవాలేదు, కొబ్బరి కూడా సర్దుకుంటుంది, కొత్తగా నాటిన అలంకరణ చెట్టుకు ఫరవా ఉంది. డ్రిప్పుతో రోజూ కొంచెం కొంచెం ఇస్తే ఉప్పు పాదు అంచున తెల్లటి పొరలా పేరుకుంటుంది, ఆకు కొసలు మాడడం మొదలవుతుంది. పాదు అంచున మట్టిని వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది. వారానికి ఒకసారి పాదు నిండా నీళ్ళు పెట్టి ఉప్పును కిందికి దింపండి.

కొండారెడ్డి_బురుజు
మట్టి నాకి చూడమని సలహా ఇచ్చే చర్చ ఇదొక్కటే అయి ఉంటుంది.

ఖర్జూరం_గార్లదిన్నె
నల్లరేగడి గారు ఖర్జూరం మాట ఎత్తారు కాబట్టి నా అనుభవం చెబుతాను. నాకు బర్హీ రకం టిష్యూ కల్చర్ (ప్రయోగశాలలో పెంచిన) చెట్లు ఉన్నాయి, ఎనిమిది మీటర్ల ఎడంలో వేస్తే ఎకరానికి 63 పట్టాయి. చలి గురించి ఈ చెట్టుకు భయమే లేదు, ఎడారిలో మైనస్ డిగ్రీల రాత్రులను కూడా తట్టుకునే జాతి ఇది. కానీ చలి నన్ను మరో చోట దెబ్బ కొట్టింది. రెండేళ్ళ కిందట జనవరిలోనే కొన్ని చెట్లు పొత్తులు పగలగొట్టాయి. మగ చెట్ల పుప్పొడి దులిపి, దూదితో అద్ది, పని అయిపోయిందనుకున్నాను. మార్చిలో చూస్తే ఆ తొలి గెలల్లో సగానికి పైగా గింజ లేని బుడ్డ కాయలే. ఫిబ్రవరి చివర అద్దిన గెలలు నిండుగా నిలిచాయి. చల్లటి వాతావరణంలో పుప్పొడి మొలకెత్తక ఫలదీకరణ దెబ్బతింటుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు తొందరపడి పగిలిన పొత్తులకు పుప్పొడి అద్దగానే కాగితం సంచి తొడిగి మూడు నాలుగు వారాలు ఉంచుతున్నాను, లోపల వెచ్చగా ఉండి కాయ నిలుస్తోంది. మడకశిర అన్న చెప్పిన పిందె మాట అబద్ధం కాదు.

వక్కతోట_మడకశిర
ఒక్కరైనా నా వైపు ఉన్నందుకు సంతోషం. కోతకు మా ఇంటి నుంచి వక్క పట్ట ప్లేట్లు పంపుతాను, దోర ఖర్జూరాలు అందులో పెట్టి తిందాం.

ప్రొద్దుటూరు_హ్యూస్టన్
మేష్టారు చెప్పిన చలి గుర్తులు నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను. పుట్టింది ప్రొద్దుటూరులో, పదేళ్ళుగా ఉంటున్నది టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో. 2021 ఫిబ్రవరి నడుమ ఇక్కడ సుమారు మైనస్ 10 డిగ్రీలకు పడిపోయింది. మా వీధిలో క్వీన్ పామ్‌లు, పొడుగాటి వాషింగ్టోనియా రోబస్టా చెట్లు వరుసగా ఉండేవి. ఇక్కడి వారు చలి వస్తుందంటే పామ్ చెట్టుకు గుడ్డ కప్పి, లోపల పాత రకం వేడి బల్బుల దండలు చుడతారు, ఎల్ఈడీ బల్బులు పెద్దగా వేడి ఇవ్వవు కాబట్టి పనికిరావు. ఆ యేడు మా మామగారు ఇక్కడే ఉన్నారు, నేను చుడుతుంటే చూసి ఈ చెట్టుకు పెళ్ళెప్పుడమ్మా అని అడిగారు. తీరా రాత్రికి ఊరంతా కరెంటు పోయింది, పెళ్ళి ఆగిపోయింది.

మొదటి మూడు రోజులు చెట్లకు ఏమీ కానట్టే ఉన్నాయి. వారం తర్వాత మట్టలన్నీ ఉడికించిన ఆకులా వాలి, ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. పక్కింటాయన వెంటనే అన్నీ నరికించాడు. నేను బద్ధకం వల్ల ఆగాను, తెలివి వల్ల కాదు. ఏప్రిల్‌లో మళ్ళీ రెండు చల్లటి రాత్రులు వచ్చినప్పుడు నా చెట్టు మొవ్వుకు ఎండిన మట్టలే దుప్పటి అయ్యాయి. క్వీన్ పామ్‌లు ఎలాగూ బతకలేదు, రెండిళ్ళలోనూ పోయాయి. కానీ నా వాషింగ్టోనియా ఒకటి మే నెలాఖరుకు నడి నెత్తిన పచ్చటి మొన తోసుకుని వచ్చింది. విసనకర్ర ఆకుల సబల్ చెట్లు, చైనా నుంచి వచ్చిన ట్రాకికార్పస్ చెట్లు మాత్రం ఆ చలిని లెక్కే చేయలేదు. పెన్నగట్టు అన్నా, మీకు వచ్చింది చలి అయినా కాకపోయినా, పామ్ చెట్టు చచ్చిందో బతికిందో తేలడానికి నెలలు పడుతుంది.

కొండారెడ్డి_బురుజు
అక్కా, కర్నూలులో మాకు మే నెలలో 44 డిగ్రీలు. ఆ మైనస్ 10లో కొంచెం ఇటు పంపి ఉంటే రెండు ఊళ్ళూ బాగుపడేవి.

పెన్నగట్టు
నెలలు ఆగడమంటే నాకు నిద్ర పట్టదు. మొవ్వు బతికి ఉందో లేదో ఇప్పుడే తెలుసుకునే మార్గం లేదా?

మొక్కల_మేష్టారు
ఉంది, పెద్ద ఖర్చు లేదు. చెరిగిపోని మార్కర్ పెన్ను తీసుకుని, విచ్చుకోని మొవ్వు మీదా, దాని పక్కనే ఉన్న విచ్చుకున్న మట్ట కాడ మీదా ఒకే ఎత్తులో అడ్డంగా గీత గీయండి. పక్క మట్ట ఎదుగుదల అయిపోయింది కాబట్టి దాని గీత కదలదు. మొవ్వు బతికి ఉంటే దాని గీత పైకి జరుగుతుంది. చలికాలం కాబట్టి పది పన్నెండు రోజులు గడువు ఇవ్వండి. రెండో పరీక్ష, మొవ్వును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. ఎడ్ల పందెంలో తాడు లాగినట్టు లాగకండి, బిడ్డ జుట్టు సరిచేసినంత బలం చాలు. గట్టిగా ఉంటే మంచిది, ఊడి చేతికి వస్తే వెంటనే ఇక్కడ రాయండి.

ఈలోగా కొబ్బరి మొక్కల సంగతి చెప్పలేదు మీరు.

పెన్నగట్టు
కొబ్బరి మొక్కల్లో మూడింటికి కొత్త ఆకు కురచగా, ముడతలు పడి, కాలిన కొసలతో వస్తోంది. పాత ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి.

మొక్కల_మేష్టారు
అది ఫాక్స్‌టెయిల్ జబ్బుకు తలకిందులు. పాత ఆకు బాగుండి కొత్త ఆకు చెడితే మాంగనీసు లోపాన్ని ముందుగా అనుమానించాలి. మన సున్నపు నేలల్లో, అందులోనూ మీ నీళ్ళకు, మాంగనీసు నేలలో ఉన్నా వేరుకు అందదు, నేల చల్లబడితే ఇంకా అందదు. లీటరు నీటికి రెండు మూడు గ్రాముల మాంగనీస్ సల్ఫేట్ కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. ముడత పడిన ఆకు మళ్ళీ సాపు కాదు, తర్వాత వచ్చే ఆకును చూడాలి. పక్కపక్క ఈనెలు ఒకదానికొకటి అంటుకుపోయి, కొస కొక్కెంలా వంగితే మాత్రం అది బోరాన్ లోపం, మందు వేరు. రెండు రకాల ఆకులూ కోసి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి, మీకు రెడ్డిపల్లిలోనిది పక్కనే.

పెన్నగట్టు
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆదివారం వచ్చిన తోట మనిషి చేతిలో కత్తి లాక్కుని గడ్డపార పెట్టాను, పాదులు వెడల్పు చేయించి, మిల్లు నుంచి తెచ్చిన వేరుశెనగ పొట్టు నాలుగు వేళ్ళ మందాన పరిపించాను. మట్టి నాకాను. ఉప్పే.

గీతల సంగతి. నాలుగు చెట్లకు మొవ్వు గీత మూడు వేళ్ళ మందం పైకి జరిగింది. గేటు దగ్గరి రెండింటిలో ఒకదానికి వేలెడు జరిగింది. ఆరోదానికి గీత ఎక్కడ ఉందో అక్కడే ఉంది. మెల్లగా లాగితే మొవ్వు చప్పుడు లేకుండా చేతికి వచ్చింది, జానెడు పొడవున కింది కొస తెల్లగా, మెత్తగా, ఉడికి చల్లారిన గెణుసుగడ్డలా ఉంది, వాసన పులిసిన కల్లు వాసన. చేతులు కడుక్కున్నా రాత్రి అన్నం తినేటప్పుడు కూడా వేళ్ళకు ఆ వాసన తెలిసింది.

నల్లరేగడి
మొవ్వుకుళ్ళు. కొబ్బరిలో అయితే గాలిలో తేమ నిండి చల్లబడిన రోజుల్లో ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది, దెబ్బతిన్న ఏ పామ్ మొవ్వులోనైనా ఇలాంటి కుళ్ళు చేరగలదు. సాయంత్రాలు పైపుతో మొవ్వులోకి నీళ్ళు కొట్టించారా?

పెన్నగట్టు
ఆకులు మాడుతున్నాయని రోజూ సాయంత్రం తలస్నానం చేయించాను. నేనే చేశాను, తోట మనిషిని అనలేను.

నల్లరేగడి
రాత్రంతా చల్లటి నీళ్ళు మొవ్వు గుంటలో నిలిచాయన్నమాట. ఇప్పుడు చేయవలసింది చెబుతాను. కుళ్ళిన మెత్తటి భాగాన్ని శుభ్రమైన చాకుతో గట్టి తెల్ల భాగం తగిలేదాకా తీసేసి దూరంగా కాల్చేయండి. తీసిన చోట మైలతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి చేసే పది శాతం బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాన, మంచు పడకుండా వెడల్పాటి మూకుడు లాంటిదేదైనా బోర్లించండి, గాలి మాత్రం ఆడాలి. మిగిలిన అయిదింటికి ముందు జాగ్రత్తగా ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టండి, అంటే కిలో మైలతుత్తం, కిలో సున్నం, నూరు లీటర్ల నీళ్ళు. మీకు పది లీటర్లు చాలు కాబట్టి నూరేసి గ్రాములు. ప్లాస్టిక్ డబ్బాల్లో విడివిడిగా కరిగించి, తుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలో పోస్తూ కలపాలి, ఇనుప డబ్బా వాడకూడదు. కలిపాక మెరిసే ఇనుప చాకును కాసేపు ముంచి తీయండి. ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం, ఆ నీళ్ళు కొడితే ఆకు మాడుతుంది. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. మా మామ ఒకసారి మిగిలిందని మూడు రోజులు దాచి కొట్టాడు, డబ్బాలో రంగు నీళ్ళు తప్ప మందు లేదు.

వక్కతోట_మడకశిర
రాత్రి పూట తోటలో చెత్త రాజేసి పొగ పెడితే చలి ఆగుతుందని మా పక్క తోట వారు చేస్తారు. అదీ చేయించండి.

మొక్కల_మేష్టారు
పొగ పెడితే దోమలు పోవచ్చు, చలి పోదు. నేల వేడి రాత్రి పూట పొగలోంచి కూడా ఆకాశంలోకి పోతూనే ఉంటుంది. దానికంటే చలి రాత్రికి ముందు రోజు పగలే పాదు తడపడం మేలు, తడి నేల వేడిని ఎక్కువ దాచుకుంటుంది. మన బోరు నీళ్ళు తెల్లవారుజామున పొగలు కక్కుతూ వెచ్చగా వస్తాయి కదా, ఆ వెచ్చదనం వేరుకు ఇవ్వండి, తలకు కాదు. ఎరువుల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. కాపు కాసే కొబ్బరికి ఏడాదికి రెండు కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటారు, ఆ లెక్క చూసి ఈ పసి చెట్లకు గుమ్మరించకండి. వేరు పట్టేదాకా, అంటే ఎండలు మొదలై కొత్త మట్ట విచ్చుకునేదాకా ఏ ఎరువూ వద్దు. యూరియా అసలే వద్దు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, అప్పుడు చూద్దాం.

ఖర్జూరం_గార్లదిన్నె
ఆరోది పోతే ఆ గుంతలో ఖర్జూరం పెట్టండి, మీ ఉప్పు నీళ్ళు దానికి ఇష్టం. గేటు దగ్గర మాత్రం ముళ్ళు చూసుకోవాలి, వచ్చే చుట్టాల సంఖ్య తగ్గుతుంది.

కొండారెడ్డి_బురుజు
అది లోపమా, సౌకర్యమా?

పెన్నగట్టు
శివరాత్రి వెళ్ళిన రెండో వారం. అయిదు చెట్లు కొత్త మట్ట విప్పాయి, గేటు దగ్గరిది మాత్రం పాత వాటిలో సగం పొడవే వేసింది. కొబ్బరిలో ముడత పడిన మూడింటిలో రెండింటికి ఈసారి వచ్చిన ఆకు సాఫీగా ఉంది. ఆరో చెట్టు మీద బోర్లించిన మట్టి మూకుడు నిన్న పొద్దున తీసి చూశాను. బోర్డో పూసిన నీలపు గుంట ఎండి గట్టిపడింది, దానికి ఒక పక్కగా చిటికెన వేలి గోరంత ఆకుపచ్చ మొన ఉంది. కుళ్ళు వాసన లేదు. మార్కర్‌తో గీత గీద్దామంటే గీయడానికి చోటు లేదు. తోట మనిషి పక్కనే నిలబడి, ఇప్పుడైనా ఆ ఎండిన మట్టలు కోయనా సార్ అని అడిగాడు.

కొండారెడ్డి_బురుజు
పూర్తిగా ఎండినవి రెండో మూడో కోయనివ్వండి సార్. పాపం, జనవరి నుంచి కత్తి నూరుకుని కూర్చున్నాడు.